టీవీ, సినిమా, ఓటీటీ వీడియోలకు క్యాప్షన్లు, సంకేత భాష తప్పనిసరా? చట్టం ఏం చెబుతోంది? లేకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

బస్సులోనో, ఆఫీసులోనో ఫోన్ సౌండ్ తీసేసి వీడియో చూడటం మనందరికీ అలవాటే. కింద అక్షరాలు వస్తే చూస్తాం, రాకపోతే పైకి జరిపేసి ఇంకో వీడియోకి వెళ్లిపోతాం. మనకు అది రెండు నిమిషాల ఇబ్బంది. వినికిడి లేనివాళ్లకు మాత్రం అక్షరాలు లేని ప్రతి వీడియో అలాగే ఉంటుంది. పెదాలు కదులుతుంటాయి, విషయం తెలియదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మ్యూజిక్ పెట్టి, స్క్రీన్ మీద అక్షరాలు నడిపించే న్యూస్ వీడియోలు రోజూ ఎన్నో వస్తుంటాయి. చూపు లేని వ్యక్తి అలాంటి వీడియో ఓపెన్ చేస్తే వినిపించేది ఒక్క మ్యూజిక్కే. "స్క్రీన్‌పై కనిపిస్తున్న నంబర్‌కు కాల్ చేయండి" అని యాంకర్ చెబితే, ఆ నంబర్ ఏంటో ఆయనకు తెలిసే దారే లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల సంఖ్య 2.68 కోట్లు. ఇందులో వినికిడి సమస్య ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగా, చూపు సమస్య ఉన్నవాళ్లు కూడా 50 లక్షలకు పైగానే ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22 లక్షల 66 వేల మంది. మరి వీళ్లందరికీ అందేలా వీడియోలు ఉండాలని చట్టంలో ఉందా? ఎవరికి వర్తిస్తుంది? పాటించకపోతే ఏమవుతుంది? వివరంగా తెలుసుకుందాం.

ముందుగా ఈ 4 మాటలు

సబ్‌టైటిల్స్: మాటలను మాత్రమే అక్షరాల్లో చూపిస్తాయి. ఎక్కువగా భాష తెలియనివాళ్ల కోసం వేస్తారు. తెలుగు సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయడం లాంటిది.

క్లోజ్డ్ క్యాప్షన్లు: వినపడని వాళ్ల కోసం చేసేవి. మాటలతో పాటు ఎవరు మాట్లాడుతున్నారు, వెనక ఏ శబ్దం వస్తోంది అనేది కూడా రాస్తారు. తలుపు కొట్టిన చప్పుడు, తెర బయట నుంచి ఏడుపు.. ఇవన్నీ ఉంటాయి. కావాలంటే ఆన్ చేసుకోవచ్చు, వద్దనుకుంటే ఆఫ్ చేసుకోవచ్చు. వీడియోలోనే అతికించేసి, ఆఫ్ చేయడానికి వీల్లేకుండా వచ్చేవి ఓపెన్ క్యాప్షన్లు.

ఆడియో డిస్క్రిప్షన్: చూపు లేని వాళ్ల కోసం. డైలాగుల మధ్య ఖాళీలో, తెర మీద ఏం జరుగుతోందో ఒక గొంతు చెబుతుంది. ఉదాహరణకు "అతను ఉత్తరం చింపి బావిలో పడేశాడు" అని. ఆ మాట లేకపోతే, తర్వాత హీరోయిన్ ఎందుకు ఏడుస్తోందో వినేవాళ్లకు అర్థం కాదు.

సంకేత భాష: మన దేశంలో వాడేది భారతీయ సంకేత భాష. ఇది తెలుగునో, హిందీనో చేతులతో చూపించడం కాదు. దానికంటూ సొంత వ్యాకరణం ఉంది. చిన్నప్పటి నుంచి సంకేత భాషలోనే పెరిగిన చాలామందికి వేగంగా పోయే తెలుగు అక్షరాలు చదవడం కష్టం. అందుకే "క్యాప్షన్లు వేశాం కదా, ఇంక సంకేత భాష ఎందుకు?" అనే ప్రశ్న సరైనది కాదు.

అసలు చట్టం ఏది?

వీడియోల విషయంలో అన్నింటికీ మూలం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, కొత్త చట్టంలో 21 రకాలను గుర్తించారు. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. ఆ ఒప్పందానికి తగ్గట్టుగా వచ్చిందే ఈ చట్టం.

ఇందులో వీడియోలకు సంబంధించి గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు ఇవీ..

సెక్షన్ 29: సంస్కృతి, వినోదం దివ్యాంగులకూ అందాలి. వినికిడి లోపం ఉన్నవాళ్లు టీవీ కార్యక్రమాలు చూసేందుకు సంకేత భాష గానీ, సబ్‌టైటిల్స్ గానీ ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి.

సెక్షన్ 42: ఆడియో, ప్రింట్, ఎలక్ట్రానిక్ మీడియాలో వచ్చే కంటెంట్ అంతా దివ్యాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి. ఆడియో డిస్క్రిప్షన్, సంకేత భాష, క్లోజ్డ్ క్యాప్షన్ ఈ మూడింటి పేర్లు నేరుగా ఇక్కడే ఉన్నాయి.

సెక్షన్ 40, 46: అందుబాటు ప్రమాణాలపై కేంద్రం రూల్స్ చేయాలి. రూల్స్ వచ్చిన రెండేళ్లలోగా సర్వీసులు అందించేవాళ్లంతా వాటిని పాటించాలి. ప్రభుత్వ సంస్థలే కాదు, ప్రైవేటు సంస్థలు కూడా.

సెక్షన్ 89: చట్టాన్ని గానీ, రూల్స్‌ను గానీ ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10 వేల వరకు జరిమానా. మళ్లీ ఉల్లంఘిస్తే కనీసం రూ.50 వేలు, గరిష్ఠంగా రూ.5 లక్షలు.

టీవీ ఛానళ్లకు ఏం రూల్స్ ఉన్నాయి?

దూరదర్శన్‌లో బధిరుల కోసం వచ్చే వార్తలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ప్రైవేటు ఛానళ్లు వచ్చాక చాలా ఏళ్ల వరకు వాటిపై అలాంటి బాధ్యత పెట్టలేదు.

2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు విడుదల చేసింది. వాటి ప్రకారం..

న్యూస్ ఛానళ్లు రోజుకు కనీసం ఒక బులెటిన్‌ను సంకేత భాషతో ఇవ్వాలి.

మిగతా ఛానళ్లు వారానికి కనీసం ఒక కార్యక్రమాన్ని అందుబాటు రూపంలో ఇవ్వాలి.

క్యాప్షన్లు, సబ్‌టైటిల్స్, సంకేత భాష.. వీటిలో ఏది ఇవ్వాలో ఛానల్ ఎంచుకోవచ్చు. దశలవారీగా ఈ కార్యక్రమాల సంఖ్య పెంచుకుంటూ పోవాలి.

అయితే మినహాయింపులు కూడా ఉన్నాయి. లైవ్ న్యూస్, లైవ్ స్పోర్ట్స్, అవార్డు ఫంక్షన్లు, డిబేట్లు, రియాలిటీ షోలు, యాడ్స్, టెలీషాపింగ్.. వీటికి ఈ ప్రమాణాలు వర్తించవు. ప్రారంభించి ఏడాది కూడా కాని ఛానళ్లకు, ఏడాది సగటు ప్రేక్షకుల వాటా 1 శాతం కంటే తక్కువ ఉన్న ఛానళ్లకు కూడా మినహాయింపు ఇచ్చారు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ ప్రమాణాలు వినికిడి లోపం వరకే. టీవీలో చూపు లేనివాళ్లకు ఆడియో డిస్క్రిప్షన్ ఇవ్వాలన్న మాట ఇందులో లేదు. సెక్షన్ 42లో ఆ పేరు ఉన్నా కూడా!

లైవ్‌కు మినహాయింపు.. అసలు చిక్కు ఇక్కడే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన రోజులు గుర్తున్నాయి కదా. అలాంటప్పుడు ఏ ఛానల్ పెట్టినా లైవే. ఏ కాలనీలోకి నీళ్లొచ్చాయి, బోట్లు ఎక్కడున్నాయి, ఏ రోడ్డు మూసేశారు.. అంతా రిపోర్టర్ నోటి మాటగానే వస్తుంది. కింద స్క్రోలింగ్‌లో వచ్చేది ఒకటో రెండో ముక్కలు.

అంటే బయటకు వెళ్లాలా, ఇంట్లోనే ఉండాలా అని నిర్ణయించుకోవాల్సిన గంటలో, బధిరులు ఉన్న ఇంటికి టీవీ నుంచి పూర్తి సమాచారం అందదు. రూల్ ప్రకారం ఛానల్ తప్పు కూడా చేసినట్టు కాదు. ఎందుకంటే అది లైవ్.

లైవ్‌కు క్యాప్షన్లు వేయడం కష్టమన్నది నిజమే. మాట వచ్చిన కొన్ని సెకన్లలో అక్షరం రావాలి, ఊరి పేరు తప్పు పడకూడదు. కానీ తుపాను, వరద లాంటి సమయాల్లో గంటకోసారి 5 నిమిషాల సంకేత భాష బులెటిన్ ఇవ్వడానికి, హెల్ప్‌లైన్ నంబర్‌ను స్క్రీన్ మీద వేసినప్పుడల్లా యాంకర్ నోటితో చదవడానికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. మినహాయింపు ఉంది కాబట్టి చేయకూడదని కూడా ఎక్కడా లేదు.

సినిమా థియేటర్లలో ఏం మారింది?

2024 మార్చి 15న సమాచార, ప్రసార శాఖ థియేటర్లలో వేసే ఫీచర్ ఫిల్మ్‌లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి వినికిడి, చూపు సమస్యలు రెండింటికీ వర్తిస్తాయి. అందులోని ముఖ్యాంశాలు..

ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకు 6 నెలల గడువు ఇచ్చారు. ఆ తర్వాత వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఒకటి, చూపు సమస్య ఉన్నవాళ్లకు ఒకటి చొప్పున కనీసం రెండు సదుపాయాలు ఉండాలి. తెలుగు, హిందీ, తమిళంలో ఒకేసారి వచ్చే మన పాన్ ఇండియా సినిమాలన్నీ ఈ కేటగిరీలోకే వస్తాయి.

జాతీయ సినిమా అవార్డులకు, గోవాలో జరిగే ఇఫీ ఇండియన్ పనోరమాకు పంపే సినిమాలకు 2025 జనవరి 1 నుంచి క్లోజ్డ్ క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ ఉండాలి.

మిగతా ఫీచర్ ఫిల్మ్‌లకు రెండేళ్ల గడువు. అంటే 2026 మార్చి 15 వరకు.

థియేటర్ల బాధ్యత ఏంటి? సినిమాలో ట్రాక్ ఉంటే సరిపోదు, దాన్ని ప్రేక్షకుడికి అందించాలి కూడా. ఇందుకు చాలా దారులున్నాయి. సీటు దగ్గర పెట్టే చిన్న క్యాప్షన్ స్క్రీన్, అక్షరాలు కనిపించే కళ్లద్దాలు, ఆడియో వివరణ కోసం హెడ్‌ఫోన్, లేదంటే ఫోన్‌లోనే యాప్. ప్రత్యేక షోలు కూడా వేయొచ్చు. ఫోన్ యాప్ పద్ధతిలో పక్కన కూర్చున్నవాళ్లకు ఎలాంటి ఇబ్బందీ ఉండదు. యాప్ సినిమా సౌండ్‌ను గుర్తుపట్టి, దానికి తగ్గట్టు చెవిలో వివరణ వినిపిస్తుంది.

'పఠాన్' కేసు ఎందుకు ముఖ్యం?

ఈ మార్గదర్శకాల కంటే ముందే ఒక సినిమా కోర్టుకెక్కింది. షారుక్ ఖాన్ 'పఠాన్' 2023 జనవరి 25న రిలీజ్ అయింది. దానికి కొద్ది రోజుల ముందు చూపు, వినికిడి సమస్యలున్న కొందరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. టికెట్ డబ్బులు అందరిలాగే ఇస్తున్నాం, సినిమా మాత్రం మాకు అందడం లేదు అన్నది వాళ్ల వాదన సారాంశం.

జనవరి 16న కోర్టు ఆదేశాలిచ్చింది. థియేటర్ రిలీజ్‌కు టైమ్ లేదు కాబట్టి, ఓటీటీ వెర్షన్‌కు హిందీలో సబ్‌టైటిల్స్, క్లోజ్డ్ క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ సిద్ధం చేయాలని నిర్మాణ సంస్థను ఆదేశించింది. వాటితో మళ్లీ సెన్సార్ బోర్డుకు వెళ్లాలని చెప్పింది. సినిమా భాషలోనే క్యాప్షన్లు ఉండాలన్నది ఇక్కడ గమనించాల్సిన పాయింట్. హిందీ మాత్రమే చదవగలిగే ప్రేక్షకుడికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్ ఏం ఉపయోగం? మన తెలుగు సినిమాలకూ ఇదే మాట వర్తిస్తుంది. ఓటీటీలో తెలుగు సినిమా పెట్టి చూడండి, ఇంగ్లిష్ అక్షరాలు ఉండి తెలుగు అక్షరాలు లేనివి చాలానే తగులుతాయి.

ఓటీటీలకు రూల్స్ ఉన్నాయా?

ఉన్నాయి, కానీ కాస్త మెత్తగా ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ రూల్స్‌లో ఓటీటీల కోసం ఒక నియమావళి ఉంది. దివ్యాంగులకు కంటెంట్ అందేలా ఓటీటీలు "సాధ్యమైనంత మేరకు" తగిన ప్రయత్నం చేయాలని అందులో ఉంది. ఎంత శాతం, ఎప్పటిలోగా అన్న లెక్క లేదు. "మాకు సాధ్యమైంది ఇంతే" అంటే గట్టిగా అడగడం కష్టం.

ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2025 అక్టోబరులో ఓటీటీల కోసం ప్రత్యేక మార్గదర్శకాల ముసాయిదా విడుదల చేసి, అందరి అభిప్రాయాలు కోరింది. వినికిడి, చూపు సమస్యలు రెండింటికీ సదుపాయాలు, వాటికి గడువులు ఉండాలన్నది దాని ఉద్దేశం.

న్యూస్ వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానళ్ల సంగతేంటి?

మనం ఫోన్‌లో ఎక్కువగా చూసేవి ఇవే కాబట్టి ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఐటీ రూల్స్ నియమావళిలో అందుబాటు గురించిన నిబంధన ఓటీటీల భాగంలో ఉంది. న్యూస్ వెబ్‌సైట్ల భాగంలో లేదు. 2019 ప్రమాణాలేమో టీవీ ఛానళ్లకు. అంటే న్యూస్ వెబ్‌సైట్‌లో వచ్చే వీడియో రెండింటి మధ్యా జారిపోయింది.

అలాగని ఏ చట్టమూ లేదనుకుంటే పొరపాటే. దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మీడియా అంతటి గురించీ మాట్లాడుతోంది. అంతేకాదు, ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఒకటుంది. వెబ్‌సైట్లు, యాప్‌లు, డిజిటల్ పరికరాలు దివ్యాంగులకు ఎలా అందాలో ఇందులో ఉంది. 2023 మేలో దీన్ని దివ్యాంగుల హక్కుల రూల్స్‌లో చేర్చారు. వీడియో ప్లేయర్‌లో క్యాప్షన్లు చూపించే ఏర్పాటు, అవి మాటతో కలిసి రావడం, ఆడియో డిస్క్రిప్షన్ ఎంచుకునే వీలు.. ఇవన్నీ అందులో భాగమే.

ఇక ఇంట్లో వంట వీడియోనో, పెళ్లి రీల్‌నో పెట్టుకునే మామూలు యూజర్లు భయపడాల్సిన పని లేదు. ఓటీటీ నియమావళి వ్యాపారంగా, పద్ధతి ప్రకారం కంటెంట్ ఇచ్చేవాళ్లకే వర్తిస్తుంది.

సుప్రీంకోర్టు తీర్పుతో మారిన సీన్

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. అప్పటి సీజేఐ జస్టిస్ డీవై చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఒక అసలు లోపాన్ని పట్టుకుంది. చట్టం ఏమో "తప్పక చేయాలి" అంటోంది. 2017 రూల్స్‌లోని రూల్ 15(1) కింద వచ్చినవి మాత్రం చేస్తే మంచిది అన్న సూచనల్లాగే మిగిలిపోయాయి. ఇలా ఉండటం చట్టానికే విరుద్ధమని, రూల్ 15(1) చెల్లదని కోర్టు చెప్పింది. 3 నెలల్లోగా తప్పనిసరిగా పాటించాల్సిన రూల్స్ చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. అలాంటి రూల్స్ వచ్చాక పాటించని వాళ్లపై జరిమానాలు కూడా వేయాలని స్పష్టం చేసింది.

ఈ కేసుకు మన హైదరాబాద్‌తో కూడా సంబంధం ఉంది. దేశంలో అందుబాటు పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చింది శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీకి చెందిన దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. కోర్టు ఆ నివేదికను తీర్పులో విస్తృతంగా వాడుకుంది.

2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు బ్యాంకుల ఈ-కేవైసీలో పడుతున్న ఇబ్బందుల మీద నడిచిన కేసు అది. "కళ్లు ఆర్పండి" అంటే, కళ్లే దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు కేవైసీదే అయినా, డిజిటల్‌లో వచ్చే ప్రతి సేవ విషయంలోనూ ఈ మాట పనికొస్తుంది.

క్యాప్షన్లు చేస్తే కాపీరైట్ అడ్డొస్తుందా?

దివ్యాంగుల కోసం అయితే చాలావరకు అడ్డు రాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి సెక్షన్ 52(1)(జడ్‌బీ) చేర్చారు. దివ్యాంగులు వాడుకోవడానికి వీలుగా ఒక రచననో, సినిమానో అందుబాటు రూపంలోకి మార్చడం ఉల్లంఘన కాదని అందులో ఉంది. అయితే షరతు ఏంటంటే అది లాభం కోసం చేయకూడదు. ఉదాహరణకు, బధిరుల స్కూల్ టీచర్ ఒక పాఠం వీడియోకు పిల్లల కోసం క్యాప్షన్లు రాసుకోవచ్చు. ఆ పేరు చెప్పి సినిమా మొత్తం తన ఛానల్‌లో పెట్టి యాడ్స్ డబ్బులు తీసుకుంటే మాత్రం కుదరదు.

విదేశాల్లోని తెలుగువాళ్లకు

అమెరికాలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం, టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెడితే అక్కడా క్యాప్షన్లు ఉండాలి. బ్రిటన్‌లో 2024 మీడియా చట్టం పెద్ద ఓటీటీల కంటెంట్‌లో 80 శాతానికి సబ్‌టైటిల్స్, 10 శాతానికి ఆడియో డిస్క్రిప్షన్, 5 శాతానికి సంకేత భాష ఉండాలని లక్ష్యం పెట్టింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి అందుబాటు చట్టం అమల్లో ఉంది.

ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

స్టెప్ 1: ముందు ఆధారం పెట్టుకోండి. ఏ ఛానల్, ఏ కార్యక్రమం, ఏ తేదీ, ఏ టైమ్ అనేది రాసుకోండి. స్క్రీన్ రికార్డింగ్ గానీ, స్క్రీన్‌షాట్ గానీ తీయండి. సినిమా అయితే టికెట్ దాచుకోండి.

స్టెప్ 2: ఆ సంస్థకే రాయండి. ఓటీటీలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, వివరాలు యాప్‌లో లేదా సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. సంతృప్తి లేకపోతే ఆ ఓటీటీ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. ఆపైన కేంద్ర ప్రభుత్వ కమిటీ ఉంటుంది.

స్టెప్ 3: దివ్యాంగుల కమిషనర్. ఢిల్లీలో చీఫ్ కమిషనర్, ప్రతి రాష్ట్రంలోనూ రాష్ట్ర కమిషనర్ ఉండాలని చట్టం చెబుతోంది. సాక్షులను పిలవడం, పత్రాలు తెప్పించడం లాంటి విషయాల్లో వీళ్లకు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. ఫిర్యాదులో మీ పేరు, చిరునామా, ఎవరి మీద ఫిర్యాదు, జరిగింది ఏంటి, మీరు కోరేది ఏంటి అనేవి రాసి, ఆధారాలు జత చేయాలి. కమిషనర్ సిఫారసు చేస్తే, దానిపై తీసుకున్న చర్యను సంబంధిత అధికారులు 3 నెలల్లోగా చెప్పాలి. ఒప్పుకోకపోతే ఎందుకో కారణం రాయాలి.

స్టెప్ 4: అప్పటికీ పని కాకపోతే 226 అధికరణ కింద హైకోర్టు. 'పఠాన్' విషయంలో ఆదేశాలు వచ్చింది హైకోర్టు నుంచే.

ఫిర్యాదులో "మీ వీడియోలు బాగాలేవు" అని రాస్తే లాభం లేదు. "ఫలానా తేదీ బులెటిన్‌లో సంకేత భాష లేదు, రోజూ ఒకటి ఉండాలని 2019 ప్రమాణాలు చెబుతున్నాయి" అని రాస్తే అవతలివాళ్లు జవాబు ఇవ్వక తప్పదు.

వీడియోలు చేసేవాళ్లు ఏం చేయాలి?

వెబ్ డెస్క్‌లో రోజూ వీడియోలు కట్ చేసే మాకు తెలిసినంతలో, ఖర్చు లేకుండా చేయగలిగినవే ఇందులో ఎక్కువ.

ఆటోమేటిక్ క్యాప్షన్లను నమ్మి వదిలేయొద్దు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు.. తప్పులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. "రావొద్దు" అన్నది "రావచ్చు" అని పడితే అర్థమే తిరగబడుతుంది. ఒకసారి చదివి దిద్దాకే పబ్లిష్ చేయాలి.

క్యాప్షన్లను ఎస్‌ఆర్‌టీ ఫైల్‌గా విడిగా ఎక్కించండి. యూట్యూబ్ స్టూడియోలో సబ్‌టైటిల్స్ విభాగం ఉంటుంది. ఇలా చేస్తే చూసేవాళ్లు అక్షరాల సైజు పెంచుకోవచ్చు. వీడియోలో అతికించేస్తే ఆ వీలుండదు.

తెలుగు అక్షరాలకు ఒత్తులు కింద, గుణింతాలు పైన ఉంటాయి. చిన్న ఫోన్‌లో లైన్లు ఇరుగ్గా ఉంటే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. రెండు లైన్లు మించకుండా, మధ్యలో ఖాళీ ఇస్తూ వేయండి. బ్రేకింగ్ ప్లేట్లు క్యాప్షన్ల మీద పడకుండా చూసుకోండి.

స్క్రీన్ మీద ఏ నంబర్, పేరు, తేదీ వేసినా నోటితో కూడా చెప్పండి. మ్యూజిక్, అక్షరాలు మాత్రమే ఉన్న వీడియో అయితే ఒక వాయిస్ ఓవర్ ఇవ్వండి. వీలు కాకపోతే మొత్తం సమాచారాన్ని డిస్క్రిప్షన్‌లో టెక్స్ట్‌గా పెట్టండి. ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది.

సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే గ్రాఫిక్స్ వాడొద్దు. కొందరిలో ఇవి మూర్ఛ తెప్పించగలవు. అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో ఈ హద్దు స్పష్టంగా ఉంది. ఎర్రగా మెరిసే బ్రేకింగ్ ప్లేట్లు ఇష్టపడే మన న్యూస్ వీడియోలు మరీ ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సిన రూల్ ఇది.

సంకేత భాష విండోను మూలన చిన్నగా పెట్టి లాభం లేదు. చేతి వేళ్లు, ముఖ కవళికలు రెండూ కనపడాలి. ఫోన్‌లో చూసుకుని సైజు పెట్టండి.

మీ ఫోన్‌లో ఎలా ఆన్ చేసుకోవాలి?

యూట్యూబ్ వీడియోపై ఒకసారి తాకితే సీసీ అనే గుర్తు కనిపిస్తుంది. క్యాప్షన్లు ఉన్న వీడియో అయితే అది నొక్కితే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీకి వెళితే క్యాప్షన్ల సైజు, రంగు మార్చుకోవచ్చు. చూపు సమస్య ఉన్నవాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఉన్నాయి. ఓటీటీ యాప్‌లలో ఆడియో, సబ్‌టైటిల్స్ మెనూ తెరిస్తే, ఆడియో డిస్క్రిప్షన్ ఉన్న టైటిల్‌కు అది అక్కడే కనిపిస్తుంది.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రతి టీవీ కార్యక్రమానికీ క్యాప్షన్లు ఉండాలా?
ప్రస్తుత ప్రమాణాల ప్రకారం అన్నింటికీ కాదు. న్యూస్ ఛానల్ అయితే రోజుకు కనీసం ఒక బులెటిన్, మిగతావి వారానికి కనీసం ఒక కార్యక్రమం.

లైవ్ న్యూస్‌కు?
మినహాయింపు ఉంది.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటే సరిపోతుందా?
వినికిడి లేని తెలుగు ప్రేక్షకుడికి సరిపోదు. అదే భాషలో ఉండే క్యాప్షన్లే అసలు అవసరం.

ఫిర్యాదు దివ్యాంగులే చేయాలా?
బాధితులు స్వయంగా రాయడం మేలు. కానీ చాలా ఇళ్లలో ఆ రెండు పేజీలు రాసిపెట్టడానికే మనిషి ఉండరు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా ఉంటే తేదీలు రాసిపెట్టడం, స్క్రీన్‌షాట్ తీయడం, మెయిల్ పంపడం లాంటి సాయం చేయండి. అన్నట్టు, మాతో సహా ఏ ఛానల్ వీడియో అయినా సరే, ఇందుకు మినహాయింపు లేదు.